పెదవి విప్పిన మౌనదళం

‘ది సైలెంట్ సర్వీస్’ అమెరికాలో 1957, 58 సంవత్సరాల్లో ప్రసారమైన టెలివిజన్ ధారావాహిక. నలుపు తెలుపుల్లో, ఒక్కొక్కటి అరగంట చొప్పున మొత్తం 78 భాగాలు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా జలాంతర్గాములు నిజంగా చేసిన యాత్రలే దానికి కథావస్తువు. ఏ భాగానికా భాగం విడి కథ. ఈ వారం ఒక జలాంతర్గామి, పైవారం మరొకటి. ఈ వారం చూసిన కెప్టెన్ మళ్లీ కనబడడు. మొదటినుంచి చివరిదాకా ప్రతి భాగంలోనూ కనిపించే మనిషి ఒక్కడే. అతను నటుడు కాడు, రియర్ అడ్మిరల్ హోదాలో నౌకాదళం నుంచి విరమించిన థామస్ డైకర్స్. యుద్ధకాలంలో ‘జాక్’ అనే జలాంతర్గామిని నడిపినవాడు. కథ మొదలయ్యే ముందు వచ్చి నేపథ్యం చెబుతాడు, మధ్యలో గొంతుగా వినిపిస్తాడు, చివర మళ్లీ వస్తాడు. ఆ చివరి రాకలోనే ఈ ధారావాహిక ప్రత్యేకత ఉంది.

సిరీస్ పేరు కొత్తగా పెట్టింది కాదు. అమెరికా నౌకాదళంలో జలాంతర్గామి విభాగానికి ‘మౌనదళం’ అనే అర్థంలో ఆ పేరు ముందునుంచీ వాడుకలో ఉంది. జలాంతర్గామికి ప్రాణాధారం కనబడకపోవడం, వినబడకపోవడం. రేడియోలో అనవసరంగా ఒక్క మాట మాట్లాడినా శత్రువు జాడ పట్టేస్తాడు. అందుకే సముద్రంలో ఉన్నన్నాళ్లూ వాళ్లు మాట్లాడరు. తీరానికి వచ్చాక కూడా వాళ్ల గురించి పత్రికలు రాయడానికి వీల్లేకుండా నౌకాదళం కట్టడి చేసింది. ఆ కట్టడికి కారణం ఎంత బలమైనదో 1943 జూన్‌లో ఒక సంఘటన చూపించింది. అమెరికా కాంగ్రెస్‌లో సైనిక వ్యవహారాల సంఘం అధ్యక్షుడు ఆండ్రూ మే యుద్ధక్షేత్రాలు చూసి వచ్చి విలేఖరులతో మాట్లాడాడు. జపనీయులు తమ డెప్త్ చార్జీలను (జలాంతర్గాముల మీద వేసే, నీటిలోపల పేలే బాంబులను) మరీ తక్కువ లోతులో పేలేలా అమరుస్తున్నారు, అందుకే మన జలాంతర్గాములు తప్పించుకుంటున్నాయి అన్నాడు. ఆ మాట పత్రికల్లో అచ్చయింది. పసిఫిక్ జలాంతర్గాముల అధిపతి చార్లెస్ లాక్‌వుడ్ ఆ మాట వల్ల 10 జలాంతర్గాములు, 800 మంది మనుషులు పోయారని తర్వాత లెక్కగట్టాడు. ఆ అంకెను రుజువు చేయడం కష్టమే. కానీ నోరు జారితే ప్రాణాలు పోతాయన్న భయం ఆ దళంలో ఎంత లోతుగా పాతుకుందో ఆ లెక్కలోనే తెలుస్తుంది.

యుద్ధం ముగిశాక బయటపడిన అంకెలు జనాన్ని నివ్వెరపరిచాయి. నౌకాదళ సిబ్బందిలో నూటికి ఇద్దరు కూడా లేని ఈ విభాగం, యుద్ధంలో మునిగిన జపాన్ నౌకల్లో సగానికి పైగా తానే ముంచింది. బొగ్గు, చమురు, బియ్యం, బాక్సైట్ అన్నీ సముద్రం మీదుగా తెచ్చుకోక తప్పని ద్వీప దేశాన్ని ఊపిరాడకుండా చేసింది. దానికి చెల్లించిన వెల 52 జలాంతర్గాములు, 3,500 మందికి పైగా నావికులు. యుద్ధయాత్రకు వెళ్లినవారిలో అయిదుగురికి ఒకరు తిరిగి రాలేదు. తక్కిన సైనిక విభాగాలతో పోలిస్తే ఇది భయంకరమైన నిష్పత్తి. చాలా నౌకల విషయంలో ఇంటివాళ్లకు అందిన కబురు ఒక్కటే: గడువు దాటింది, రాలేదు, పోయినట్టే భావించాలి. ఎక్కడ, ఎలా అన్నది చెప్పేవాళ్లు లేరు.

ఈ కథలకు టెలివిజన్‌లో చోటు దొరకడానికి 1957 నాటికి నేల తయారై ఉంది. 1952, 53ల్లో ఎన్‌బీసీ ప్రసారం చేసిన ‘విక్టరీ ఎట్ సీ’ 26 భాగాల డాక్యుమెంటరీ, యుద్ధంలో తీసిన అసలు ఫిల్ముకు సంగీతం, వ్యాఖ్యానం జోడించి సముద్ర యుద్ధాన్ని ఇళ్లల్లోకి తెచ్చింది. 1955లో మొదలైన ‘నేవీ లాగ్’ నౌకాదళ గాథలను నాటకాలుగా చూపింది. అంతకన్నా పెద్ద ఊతం అణుశక్తి నుంచి వచ్చింది. 1955 జనవరిలో ‘నాటిలస్’ అణుశక్తితో నడిచే తొలి జలాంతర్గామిగా సముద్రంలోకి కదిలింది, సిరీస్ మొదలైన మరుసటి ఏడు, 1958 ఆగస్టులో, ఉత్తర ధ్రువం మంచు కిందుగా దాటింది. ప్రచ్ఛన్న యుద్ధపు తొలి దశాబ్దంలో జలాంతర్గామి అంటే అమెరికన్లకు రేపటి ఆయుధం. దాని నిన్నటి కథ చెబితే వినడానికి జనం సిద్ధంగా ఉన్నారు, చెప్పించడానికి నౌకాదళమూ సిద్ధంగా ఉంది. ఎన్‌బీసీకి చెందిన కాలిఫోర్నియా నేషనల్ ప్రొడక్షన్స్ ఈ భాగాలను ఒకే నెట్‌వర్క్‌లో ఒకే వేళకు కాకుండా ఊరూరి స్టేషన్లకు విడివిడిగా అమ్మింది. ఒక ఊళ్లో మంగళవారం వచ్చిన కథ పక్క ఊళ్లో శుక్రవారం రావచ్చు. నెట్‌వర్క్ దర్జా లేకపోయినా ఈ పద్ధతివల్ల చిన్న పట్టణాలకు సైతం కథలు చేరాయి.

డైకర్స్‌ను వ్యాఖ్యాతగా పెట్టుకోవడం అలంకారం కోసం కాదు. 1943 జనవరిలో ‘జాక్’ నౌకాదళంలో చేరినప్పుడు దాని మొదటి కెప్టెన్ అతనే. ఆ ఏడు జూన్ 26న జపాన్ ప్రధాన ద్వీపం హోన్షు దగ్గర, తన తొలి యాత్రలోనే, అయిదు ఓడల వరసను అటకాయించి రెండింటిని ముంచాడు. 1944 ఫిబ్రవరి 19న దక్షిణ చైనా సముద్రంలో చమురు ఓడల గుంపు ఎదురైంది. ఒక్క రోజులో నాలుగింటిని ముంచాడు. సాధారణంగా మూడు నాలుగు జలాంతర్గాములు మందగా వేటాడి చేసే పనిని ఒక్కటే చేసిందని ‘జాక్ ద ప్యాక్’ అనే పేరు వచ్చింది. జాక్ కథా ఈ ధారావాహికలో ఒక భాగమైంది. తాను చేసిన పనిని మరొకరు నటిస్తుండగా పక్కన నిలబడి చెప్పే అవకాశం చరిత్రలో కొద్దిమందికే దక్కింది. డైకర్స్ మాటతీరులో నాటకీయత తక్కువ. నివేదిక చదువుతున్న అధికారిలాగే ఉంటాడు. ఆ పొడితనమే కథకు నమ్మకాన్నిచ్చింది.

చిత్రీకరణకు నౌకాదళం ‘సాఫిష్’ అనే అసలైన యుద్ధకాలపు జలాంతర్గామిని ఇచ్చింది. యుద్ధం ముగిశాక అది కాలిఫోర్నియాలోని శాన్ పెడ్రోలో రిజర్వు నావికులకు శిక్షణనౌకగా ఉండేది. యుద్ధంలో కెమెరాకు చిక్కిన ఫిల్మును ఈ కొత్త దృశ్యాల మధ్య అతికారు. సాఫిష్ గాటో తరగతి జలాంతర్గామి. జాక్ కూడా అదే తరగతి. పసిఫిక్ యుద్ధ భారాన్ని ఎక్కువగా మోసినవి ఆ తరగతి నౌకలూ, వాటిని కాస్త మెరుగుపరచి కట్టిన బలావో తరగతి నౌకలూ. పొడవు 312 అడుగులు. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు. 24 టార్పెడోలు పట్టే చోటు. నీటి పైన నాలుగు డీజిల్ ఇంజన్లతో 20 నాట్లకు పైగా వేగం. నీటి అడుగున మాత్రం బ్యాటరీలే దిక్కు. ఒక్కోదానిలో 126 సెల్స్ ఉండే రెండు బ్యాటరీలు, పెద్ద పెద్ద సెల్స్, వాటి మీదుగా పరిచిన నేల, ఆ నేల మీద నావికుల పడకలు.

మునిగే ఘడియలో లోపల జరిగేదంతా కొలిచినట్టు సాగుతుంది. పైన కాపలా ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడుతున్నట్టుగా నిచ్చెన మీదుగా జారి దిగుతారు. హారన్ రెండుసార్లు మోగుతుంది. డీజిల్ ఇంజన్లు ఆగిపోతాయి. నీటిలోపల వాటికి గాలి లేదు, గాలి గొట్టం మూయకుండా మునిగితే ఆ గొట్టం గుండా సముద్రమే లోపలికి వస్తుంది. కంట్రోల్ రూమ్‌లో చిన్న చిన్న దీపాల పలక ఒకటుంటుంది. నౌకలో తెరుచుకునే ప్రతి మూతకీ దాని మీద ఒక దీపం. మూత తెరిచి ఉంటే ఎరుపు, మూసుకుంటే ఆకుపచ్చ. నావికులు దాన్ని ‘క్రిస్మస్ చెట్టు’ అనేవాళ్లు. పలకంతా పచ్చగా మారాక కాస్త గాలి నౌకలోకి వదిలి ప్రెషర్ ముల్లు చూస్తారు. ముల్లు నిలిచిందంటే ఎక్కడా చిల్లు లేనట్టు. ఇదంతా నిమిషం లోపు పని. శత్రు విధ్వంసక నౌక పైన తిరుగుతున్నప్పుడు ఫ్యాన్లు, ఏసీ యంత్రం, రిఫ్రిజిరేటర్ అన్నీ కట్టేస్తారు. ఎనభై మంది ఊపిరి, బ్యాటరీల వేడి ఒకే ఇనుప గొట్టంలో మిగులుతాయి. గోడలు చెమట పట్టి కారుతాయి. నడవాల్సినవాడు బూట్లు విప్పి నడుస్తాడు. స్పానర్ చెయ్యి జారి కింద పడితే అదే పైనున్న శత్రువుకు సంకేతం. స్టూడియోలో కట్టిన వెడల్పాటి సెట్‌లో ఈ ఇరుకు రాదు. అసలు నౌకలో కెమెరాకు సైతం పక్కకు జరిగే చోటు లేకపోవడం ఈ దృశ్యాలకు మేలే చేసింది.

యాత్రల్లో ఓడలు ముంచినవే కాక వేరే రకాలూ ఉన్నాయి. చూసేవాళ్ల మనసులో ఎక్కువ కాలం నిలిచేవి అవే. వాటిలో ‘ట్రౌట్’ కథ ఒకటి. 1942 జనవరిలో ఫిలిప్పీన్స్‌లోని కొరెగిడోర్ కోటను జపాన్ సైన్యం చుట్టుముట్టి ఉంది. లోపలివాళ్లకు విమాన విధ్వంసక తుపాకుల గుండ్లు అయిపోవచ్చాయి. ట్రౌట్ కెప్టెన్ ఫ్రాంక్ ఫెనో తన నౌకలోని అదనపు టార్పెడోలను, బరువుకోసం ఉంచే దిమ్మలను తీయించేసి ఆ చోట 3,500 గుండ్లు నింపుకుని పెర్ల్ హార్బర్ నుంచి బయల్దేరాడు. ఫిబ్రవరి 3 రాత్రి కోట రేవుకు చేరి గుండ్లు దించాడు. నౌక తేలికైపోయింది. తేలికైన జలాంతర్గామి సరిగా మునగదు, సరిగా తేలదు. తిరుగు ప్రయాణానికి బరువు కావాలి, ఇసుక బస్తాలు ఇప్పించండి అని అడిగాడు. ఇసుక బస్తాలు ఇవ్వలేమన్నారు కోటవాళ్లు. బాంబుల నుంచి కాపాడుకోవడానికి వాళ్లకే చాలడం లేదు. ఆ కోటలో ఇసుక కన్నా తక్కువ పనికొచ్చే వస్తువు మరొకటి ఉంది. మనీలా బ్యాంకుల నుంచి తరలించి భద్రపరచిన బంగారం, వెండి. దాదాపు 20 టన్నుల బంగారు కడ్డీలు, పెసో వెండి నాణేల సంచులు చేతుల మీదుగా నౌకలోకి ఎక్కించారు. తెల్లవారితే విమానాలు వస్తాయని పగలంతా ట్రౌట్ నీటి అడుగున పడుకుంది. దారిలో ఒక సరుకు ఓడను ముంచి మరీ మార్చి 3న పెర్ల్ హార్బర్ చేరింది. అక్కడ లెక్క చూస్తే ఒక కడ్డీ తగ్గిందని, వెతికితే వంటగదిలో దొరికిందని నావికులు తరతరాలుగా చెప్పుకుంటారు. రెండేళ్ల తర్వాత, 1944 ఫిబ్రవరి చివర, వేరే కెప్టెన్ చేతిలో ఉండగా ట్రౌట్ 81 మందితో సహా మునిగిపోయింది.

కొరెగిడోర్‌కు చివరగా వెళ్లిన అమెరికా జలాంతర్గామి ‘స్పియర్‌ఫిష్’. 1942 మే 3 రాత్రి మనీలా అఖాతంలోకి చాటుగా చొరబడి 27 మందిని ఎక్కించుకుంది. వాళ్లలో సైన్యపు నర్సులున్నారు. మూడు రోజులకు కోట లొంగిపోయింది. వెనుక మిగిలిన నర్సులు 1945 ఫిబ్రవరి దాకా జపాన్ నిర్బంధ శిబిరాల్లో గడిపారు. సొరంగాల్లో నెలల తరబడి క్షతగాత్రులకు సేవ చేసిన ఆ ఆడవాళ్లు, మగవాళ్లకే చాలని నౌకలో ఆస్ట్రేలియా దాకా చేసిన ప్రయాణం సిరీస్‌లో ఒక భాగం. టార్పెడో లేకుండా కూడా యుద్ధకథ చెప్పవచ్చని ఇలాంటివి చూపించాయి.

టార్పెడోల సంగతి వేరే చెప్పుకోవాలి, ఎందుకంటే యుద్ధంలో మొదటి రెండేళ్లు ఈ దళానికి శత్రువు తర్వాత పెద్ద పగ తన సొంత ఆయుధంతోనే. మార్క్ 14 టార్పెడో అమర్చిన లోతు కన్నా పదడుగులు కిందుగా పోయేది. లాక్‌వుడ్ 1942 జూన్‌లో ఆస్ట్రేలియా తీరంలో చేపల వల కట్టించి, దాని గుండా టార్పెడోలు వదిలి, చిల్లులు ఏ లోతులో పడ్డాయో కొలిచి ఆ లోపం రుజువు చేయించాడు. లోతు సరిచేస్తే ఓడ అయస్కాంత ప్రభావంతో పేలాల్సిన యంత్రం మొరాయించింది. దాన్ని ఆపేస్తే సూటిగా తగిలినప్పుడు పేలని లోపం బయటపడింది. 1943 జూలై 24న ‘టినోసా’ కెప్టెన్ డాన్ డాస్పిట్ ముందు 19 వేల టన్నుల చమురు ఓడ కదల్లేక నిలిచిపోయి ఉంది. తీరిగ్గా గురిచూసి ఒకదాని తర్వాత ఒకటి వేశాడు. తగలడం కనబడుతోంది, పేలడం లేదు. చివరి టార్పెడోను వేయకుండా దాచి, పరీక్షించమని పెర్ల్ హార్బర్‌కు తీసుకొచ్చాడు. హవాయిలోని కహోలావే ద్వీపపు కొండ గోడకు టార్పెడోలు వేసి, పేలనిదాన్ని నీటిలోంచి పైకి తీసి విప్పి చూశారు. సూటిగా బలంగా తగిలినప్పుడు పేల్చే పిన్ను ఆ దెబ్బకే వంగిపోతోంది. అంటే గురి ఎంత బాగుంటే ఫలితం అంత చెడ్డదన్నమాట. డైకర్స్ జాక్‌తో తొలి యాత్ర చేసింది సరిగ్గా ఈ వేసవిలోనే. ఆయుధాన్ని నమ్మలేని స్థితిలో మనుషులను శత్రుతీరానికి పంపడం క్షమించరాని నిర్లక్ష్యం. కెప్టెన్ల గురి బాగాలేదని నెలల తరబడి వాదించిన ఆయుధ విభాగం అధికారులను చరిత్రకారులు నేటికీ వదలరు.

ఈ ధారావాహిక చెప్పలేకపోయిన సంగతి మరొకటుంది. సముద్రమంత సముద్రంలో నౌకల వరస ఏ రోజు ఏ చోటికి వస్తుందో చాలాసార్లు జలాంతర్గాములకు ముందే తెలుసు. జపాన్ సరుకు ఓడల రహస్య లిపిని అమెరికన్లు ఛేదించారు. ఓడలు రేడియోలో తెలిపే రేపటి ఉనికి, ముందుగా జలాంతర్గాముల అధిపతి బల్ల మీదికి చేరేది. ఈ భోగట్టా యుద్ధంలో ఎంతగా పనికొచ్చిందో 1970ల దాకా వివరంగా బయటపడలేదు. అందుచేత 1957లో తెర మీద కెప్టెన్ పెరిస్కోప్ తిప్పుతుండగా దిగంతాన పొగ కనబడుతుంది. ఆ పొగ కోసం అతను అక్కడే ఎందుకు కాచుకుని ఉన్నాడన్నది మాత్రం మౌనంగానే ఉండిపోయింది.

ఆ రహస్యానికి ఒక మనిషి ప్రాణమే తాళంగా వేశాడు. 1943 నవంబరు 19న ట్రుక్ దీవుల దగ్గర ‘స్కల్పిన్’ జలాంతర్గామికి డెప్త్ చార్జీల దెబ్బతో పైకి తేలక తప్పలేదు. తుపాకీ పోరులో కెప్టెన్ చనిపోయాడు. మిగిలిన అధికారి నౌకను ముంచేసి అందరినీ దూకమన్నాడు. మూడు నౌకల దళానికి నాయకుడిగా అందులో ప్రయాణిస్తున్న జాన్ క్రామ్‌వెల్ దూకలేదు. గిల్బర్ట్ దీవుల దాడి పథకం, లిపి ఛేదన సంగతి రెండూ అతనికి తెలుసు. చిత్రహింసలకు తాను లొంగిపోతానేమోనని నౌకతోనే దిగిపోయాడు. పట్టుబడినవారిలో 21 మందిని ‘చుయో’ అనే విమానవాహక నౌకలో జపాన్‌కు తీసుకుపోతుండగా, డిసెంబరు 4న దాన్ని ‘సెయిల్‌ఫిష్’ అనే అమెరికా జలాంతర్గామి ముంచింది. 21 మందిలో ఒక్కడు మిగిలాడు. ఆ సెయిల్‌ఫిష్ పూర్వనామం ‘స్క్వాలస్’. 1939 మేలో పరీక్షా ప్రయాణంలో మునిగిపోతే దాని జాడ కనిపెట్టిన నౌక మరేదో కాదు, స్కల్పినే. ఆనాడు సముద్రగర్భం నుంచి 33 మంది బతికి బయటపడ్డారు.

కథలన్నీ జలాంతర్గామి లోపలి నుంచే నడవడం వల్ల అవతలి ఒడ్డు కనబడదు. 1944 ఏప్రిల్ 26న డైకర్స్ జాక్‌తో ముంచిన ‘యోషిదా మారు’ ఓడలో ఒక జపాన్ రెజిమెంటంతా ఉంది. రెండున్నర వేల మందికి పైగా నీటిపాలయ్యారు. న్యూగినీలో వాళ్లు దిగి ఉంటే ఎన్ని అమెరికా ప్రాణాలు పోయేవో అన్న లెక్క ఒకటుంది. ఆ లెక్క నిజమైనా, పెరిస్కోప్‌లో పొగగా కనిపించిన ఓడలోపల మనుషులున్నారన్న సంగతీ నిజమే. యుద్ధం ముగిసి పన్నెండేళ్లే గడిచిన కాలంలో తీసిన ధారావాహిక నుంచి ఆ చూపును ఆశించలేం.

నటుల్లో అప్పటికి పేరులేని యువకులు చాలామంది ఉన్నారు. లెనార్డ్ నిమోయ్, డిఫారెస్ట్ కెల్లీ ఇద్దరూ ఈ సిరీస్‌లో కనిపించారు. తొమ్మిదేళ్ల తర్వాత ఇద్దరూ ‘స్టార్ ట్రెక్’లో ప్రపంచప్రసిద్ధులయ్యారు. ఆ అంతరిక్ష నౌకలో కనబడని శత్రువు కోసం చెవులు రిక్కించి కూర్చునే ఒక భాగం పూర్తిగా జలాంతర్గామి సినిమా పోకడలోనే ఉండటం గమనించదగ్గది.

నటులు చేసిందంతా అయ్యాక, ప్రతి భాగం చివర, డైకర్స్ పక్కకు ఒక మనిషి వచ్చేవాడు. అంతసేపూ తెర మీద నడిచిన యాత్రలో నిజంగా పాల్గొన్న కెప్టెనో, అధికారో, నావికుడో. నటుడంత అందగాడు కాడు, కెమెరా ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు, రెండు మూడు పొడిమాటలు చెబుతాడు. అరగంటగా చూసినది కల్పన కాదనడానికి ఆ మనిషే సాక్షి. తర్వాతి కాలంలో యుద్ధకథలు ఎన్నో గొప్పగా తీశారు. అసలు మనిషిని ఇంత సాదాగా వారం వారం తెర మీద నిలబెట్టినవి తక్కువ. మునిగిపోయిన 52 నౌకల్లో అధిక భాగానికి మాత్రం అలా వచ్చి నిలబడేవాళ్లు లేరు.

సిరీస్ 1958లో ముగిసింది. సాఫిష్ 1960లో తుక్కుకు పోయింది. ఆ తరం నౌకల్లో కొన్ని మిత్రదేశాల నౌకాదళాలకు చేరాయి. 1945 మార్చి 31న నౌకాదళంలో చేరి, తొలి యుద్ధయాత్రకు బయల్దేరిన కొద్ది రోజులకే యుద్ధం ముగిసిపోయిన ‘డయాబ్లో’ను అమెరికా 1964లో పాకిస్తాన్‌కు అద్దెకు ఇచ్చింది. అక్కడ దాని పేరు ‘ఘాజీ’ అయింది. కరాచీ నుంచి భారత ద్వీపకల్పాన్ని చుట్టి బంగాళాఖాతం దాకా రాగల జలాంతర్గామి పాకిస్తాన్ దగ్గర అదొక్కటే. 1971 నవంబరులో, భారత్‌తో యుద్ధం ముంచుకొస్తుండగా, భారత విమానవాహక నౌక ‘విక్రాంత్’ను వెతుక్కుంటూ వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు తరలిపోయింది. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం ఓడరేవు ముఖద్వారానికి కాస్త దూరంలో పెద్ద పేలుడు వినిపించింది. ‘ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్’ వేసిన డెప్త్ చార్జీలే కారణమని భారత నౌకాదళం, తన మైన్లే తనను పేల్చాయని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. ఆ రాత్రి మీద 2017లో తెలుగులో, హిందీలో ‘ఘాజీ’ సినిమా వచ్చింది. విశాఖలోని రామకృష్ణా బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ‘కురుసుర’ రష్యాలో కట్టిన వేరే తరగతి జలాంతర్గామి. అందులో తలవంచుకుని గదిలోంచి గదిలోకి దాటేవారికి సాఫిష్‌లో కెమెరా పట్టినవాళ్లు పడ్డ ఇరుకు కొంత తెలుస్తుంది. డయాబ్లోగా పుట్టిన ఘాజీ అదే తీరానికి ఎదురుగా సముద్రం అడుగున ఉంది. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికుల్లో ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పడానికి ఒక్కరూ మిగల్లేదు.